అల్యూమినియంకు పోసిన ఇనుము దవా

వర్క్‌షాపుల ఇప్పుడు అందరు నన్ను ఉస్తాద్ అంటరు. ఆ మాట ఇంటే నాకు ఒళ్లు మండుతది. అసలు ఉస్తాద్‌ను నౌకరీల నుంచి తీసేసిండ్రు. కారణం నేనే.

బొగ్గు గనికి బండ్లు పంపే కాంట్రాక్టర్ వర్క్‌షాప్ మాది, బామ్ని ఊరి అవతల. బండికి ఏం రోగమున్నా ఉస్తాద్ చెయ్యి పెట్టి చెప్పేటోడు గని, అక్షరం ముక్క రాదు. రేడియేటర్ నీళ్లల్ల తుప్పు పట్టకుంట పోసే మందును మేం దవా అంటం. కొత్త బండి వస్తే టెంకాయ కొట్టి, మొదటి దవా ఉస్తాదే పోసేటోడు. అదీ రెండంతలు, కొత్త అల్లునికి ఇంకింత వడ్డించినట్టు.

ఆ ఏడు వచ్చిన బండ్లకు అల్యూమినియం రేడియేటర్లు. ఉస్తాద్ దవా డబ్బా నా చేతుల పెట్టి, "ఏం రాసిండ్రో సూడు బిడ్డా" అన్నడు. నేను మరాఠీ బడిల చదివినోణ్ని, డబ్బా మీది రాత నాకొస్తది. అన్నం డబ్బా మూత తీసి కూసున్న, ఆకలైతుండె. పైపైన చూసి, "పాత దవానే ఉస్తాద్, పోసెయ్" అన్న.

ఇనుమును కాపాడే ఆ దవా అల్యూమినియంను తింటది. కొన్ని నెలలకే గొట్టాలల్ల తెల్ల పొడి, రేడియేటర్లకు బొక్కలు. బండ్లు కూలబడ్డయి. అప్పుడు డబ్బా తిప్పి మొత్తం చదివిన. అల్యూమినియంకు వాడొద్దని కింద చిన్న అక్షరాలల్ల ఉండె.

ఎవ్వరికీ చెప్పలే. నా నౌకరీ పక్కా అయ్యే కాగితం ఆఫీసుల ఉండె, తుకుం బస్తీల ఇంటికాడ చంటిపిల్ల ఉండె. థూ, ఇవన్నీ సాకులు. భయపడ్డ, గంతే.

కాంట్రాక్టర్ సాబు ఉస్తాద్‌ను ఆఫీసులకు పిలిచిండు. లోపలికి పోయే ముందు ఉస్తాద్ నా భుజం మీద చెయ్యేసి అడిగిండు: "డబ్బా మీద అల్యూమినియం సంగతి ఏమన్న ఉండెనా బిడ్డా?"

"లేదు ఉస్తాద్."

"ఐతే ఫికర్ లేదు. తప్పు రేడియేటర్ చేసినోళ్లదే."

తలుపు తెరిచే ఉండె. నా మాట నమ్మి ఉస్తాద్ సాబుతోని కొట్లాడిండు, డబ్బా మీద ఏమీ రాసిలేదని. సాబు డబ్బా తెప్పించి, ఆ లైను మీద ఏలు పెట్టి గట్టిగ చదివిండు.

"ఏమీ లేదని నీకు ఎవరు చెప్పిండ్రు?"

ఉస్తాద్ ఒక్కసారి నా దిక్కు చూసిండు.

"ఎవరూ చెప్పలే సాబ్. నేనే చదివిన."

ఆఫీసోళ్లందరు పక్కున నవ్విండ్రు. వాళ్లతోని నేను గూడ నవ్విన.