నా వేళ్లకు సరిపడే ల్యాప్‌టాప్

పెందుర్తిలో మెయిన్ రోడ్డు మీద నాది ఒక్క గది టైపింగ్ షాపు. అర్జీలు, అద్దె అగ్రిమెంట్లు, శుభలేఖలు, ఏది కావాలన్నా తెలుగులో టైపు చేసి ప్రింటు తీసిస్తాను. ఇరవై ఏళ్లు దాటింది. పోయినేడు వేసవిలో నా పాత కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. సగం అర్జీ అయ్యేసరికి తెర నల్లబడేది. కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు. బల్ల అవతల నిలబడ్డ మనిషి వాచీ చూసుకుంటుంటే, నేను మళ్లీ ‘గౌరవనీయులైన’ దగ్గర్నుంచి కొట్టేవాణ్ణి.

ల్యాప్‌టాప్ కొనమని అందరూ చెప్పారు. బ్యాటరీ ఉంటుంది కాబట్టి పని ఆగదు, షాపుకు రాలేని పెద్దవాళ్ల ఇంటికి పట్టుకెళ్లి రాసివ్వొచ్చు. నాకూ తెలుసు. నలభై ఐదు వేలు విడిగా తీసి పెట్టాను కూడా. అయినా ఇవాళ, రేపు అంటూ మూడు నెలలు జరిపేశాను. అడిగినవాళ్లకు రేట్లు తగ్గుతాయట, చూద్దాం అనేవాణ్ణి.

అసలు సంగతి అది కాదు. నా ఫైళ్లన్నీ ఒక పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. కుర్రతనంలో టైప్‌రైటర్ మీద నేర్చుకున్న అక్షరాల వరసలోనే నా వేళ్లు నడుస్తాయి. ఆ వరస దాన్లోనే ఉంది. కొత్త కంప్యూటర్లలో అది ఎక్కదని నాలాంటి పనే చేసే ఒకాయన చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. యాభై ఏడేళ్ల వయసులో మళ్లీ ‘అ’ ఎక్కడుందో వెతుక్కోవాలా? ఈ భయం ఇంట్లో కూడా చెప్పలేదు.

చివరికి మా ఆవిడ అన్నయ్య పూనుకున్నాడు. ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి షాపు ముందు స్కూటర్ ఆపాడు.

“ఏటి బావా, ఇంకా ఆ డొక్కునే పట్టుకు కూసున్నావ్? ఎక్కు. ఈయేల కొనకుండా ఇంటికి రాం” అన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌నీ ఓ పది పాత ఫైళ్లనీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, జేబులో వేసుకుని ఆయన వెనక కూర్చున్నాను.

ద్వారకానగర్‌లో ఒక పెద్ద షోరూమ్‌కి తీసుకెళ్లాడు. సేల్స్‌మన్ మమ్మల్ని తిన్నగా అన్నిటికంటే ఖరీదైన దాని ముందుకు నడిపించాడు. తెర అద్దంలా మెరిసిపోతోంది. అందులో అక్షరాల కన్నా పైనున్న లైట్లూ నా బట్టతలా బాగా కనిపిస్తున్నాయి. కీలు ఎంత పల్చగా ఉన్నాయంటే, నొక్కానో లేదో నాకే తెలియలేదు.

“దీంట్లో ఎంత పెద్ద గేమ్ అయినా స్పీడుగా ఆడొచ్చు సార్” అన్నాడు సేల్స్‌మన్.

“నేను అర్జీలు టైపు చేస్తాను బాబూ” అన్నాను.

బావ మాత్రం దాన్ని ప్రేమగా నిమురుతున్నాడు. “గట్టి మిషను బావా. ఇదే తీస్కో. తక్కువైతే నాను ఏత్తాను.”

నేను పెన్‌డ్రైవ్ తీసి, ఒకసారి నా సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూడొచ్చా అని అడిగాను. షోకి పెట్టినవాటిలో ఏదీ ఎక్కించకూడదన్నాడు సేల్స్‌మన్. కొన్నాక ఇంట్లో వేసుకోమన్నాడు. ఎక్కకపోతే? పెట్టె విప్పాక వెనక్కి తీసుకోరట. నేను పెన్‌డ్రైవ్ జేబులో పెట్టేసుకుని బయటికొచ్చేశాను.

పక్కనే టీ కొట్టు. బావ రెండు టీలు చెప్పి నా ముఖంలోకి చూశాడు.

“డబ్బులా బావా? మొగమాటం లేకుండా సెప్పు.”

డబ్బు కాదని, ఉన్న సంగతి చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“మా దగ్గర పాత క్రేన్ తీసేసి కొత్తది తెచ్చినప్పుడు నాకు మూడ్రోజులు అన్నం దిగనేదు. లివర్లు నేవు. సిన్న కర్రముక్కలాటిది ఒకటి, ఎదురుగా ఒక టీవీ. మీ సెల్లికి కూడా సెప్పనేదు.”

“నాకూ చెప్పలేదు కదా?”

“నువ్వు నవ్వుతావనే సెప్పనేదు.”

“మరేం చేశావు?”

“డ్యూటీ దిగినాక, మా ఇంజనీరుని అడిగి, సరుకు నేకుండా ఒక గంట ఊరికే తిప్పుకునేవోణ్ణి. వారంలో సెయ్యి తిరిగిపోయింది. నీకూ అదే కావాల. కొనకముందే తిప్పి సూడనిచ్చేవోడి దగ్గరికి ఎల్దాం పద.”

వన్ టౌన్‌లో ఒక సందులోకి తీసుకెళ్లాడు. ఆఫీసుల్లో వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు కొని, బాగుచేసి అమ్మే ముస్లిం పెద్దాయన షాపు అది. తెల్లగడ్డం, ముక్కు మీదకి జారిన కళ్లద్దాలు. బావ ఏదో చెప్పబోతే చేత్తో ఆపి, నన్ను అడిగాడు.

“మీరు ఏం పని చేస్తారు సాబ్?”

పొద్దున్నుంచి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అంతా చెప్పాను. ఆయన మూడు ల్యాప్‌టాప్‌లు బల్ల మీద పెట్టి కుర్చీ లాగాడు.

“కూర్చోండి. మూడింటి మీదా ఒక్కో పేజీ కొట్టండి. జల్దీ ఏం లేదు.”

మొదటి దాని కీలు బిగుసుకుపోయి ఉన్నాయి. రెండోది మరీ చిన్నది, అయిదు నిమిషాలకే మెడ పట్టేసింది. మూడోది నల్లగా, బరువుగా ఉంది. చూడ్డానికి ఏ అందమూ లేదు. కానీ తెరలో లైట్లు మెరవడం లేదు. కీ నొక్కితే లోపలికి దిగి, టక్కున పైకి లేస్తోంది.

పెద్దాయన పెన్‌డ్రైవ్ అందుకుని సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒక ఫైలు తెరిచాడు. తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, పిచ్చి గీతలు. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఠహరో, ఠహరో, ఆగండి. మీ తెలుగు అక్షరాలు వేరేగా ఎక్కించాలి” అంటూ ఆయన మరేవో నొక్కి, దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేశాడు. ఆ రెండు నిమిషాలూ నేను గోడ మీదున్న క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నాను.

“సూడు బావా!” అని బావ కేక వేశాడు.

తెర మీద తెలుగు. ‘మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ.’ అని మొదలై, చుట్టూ మామిడాకుల అంచుతో శుభలేఖ.

“ఇది మన పిల్ల పెళ్లి కార్డు గదా!” అంటూ బావ తెర దగ్గరికి వంగాడు. మా పెద్దమ్మాయి పెళ్లికి నేనే కొట్టిన శుభలేఖ అది.

నేను కొత్త పేజీ తెరిచి, కళ్లు మూసుకుని ఒక అద్దె అగ్రిమెంటు మొదలుపెట్టాను. వేళ్లు నన్ను అడక్కుండానే వాటి దారిన అవి నడిచిపోయాయి. కళ్లు తెరిచి చూస్తే ఒక్క తప్పు లేదు. మూడు నెలల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి పోయినట్టనిపించింది.

ఇరవై ఎనిమిది వేలు చెప్పాడు, కొత్త బ్యాటరీ వేసి, ఆరు నెలల గ్యారంటీతో. నేను బేరమాడలేదు. ఫైళ్లన్నీ ఇంకోచోట కూడా దాచుకోమనీ, ఫోన్లలో కూడా చదవడానికి వీలయ్యే కొత్త రకం తెలుగు టైపింగు రోజుకు కాస్త చొప్పున నేర్చుకోమనీ చెప్పాడు. ఆ మాటకి ఈసారి భయం వేయలేదు. తొందర లేనప్పుడు ఏదైనా నేర్చుకోవచ్చు.

ఇంటికొచ్చి మా ఆవిడకి ల్యాప్‌టాప్ చూపించి, ఇన్నాళ్లూ దాచిన భయం కూడా చెప్పేశాను.

“నాకు తెల్దేటి? మూడ్నెల్లై నిద్దట్లో కూడా మంచం పట్టె మీద టైపు కొట్టేత్తన్నారు” అంది.

బావా నేనూ పడీ పడీ నవ్వాం. ఆవిడ ల్యాప్‌టాప్‌ని రెండు చేతుల్తో ఎత్తి చూసి, “బరువే గానీ, బాగుంది” అని జాగ్రత్తగా అలమరలో పెట్టింది.