మానిన ఎడమ పాదం

ఆ రోజుల్లో నాకు ముక్కు మీద కోపం. రికార్డులు సరిగ్గా రాయకపోతే అసలు ఊరుకునేదాన్ని కాదు. అరకులో మా స్వచ్ఛంద సంస్థ కేంద్రానికి నేనే సూపర్‌వైజర్‌ని. మంచం పట్టినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కుష్ఠు నయమైనా కాళ్ళలో స్పర్శ పోయి తరచూ పుండ్లు పడేవాళ్ళు, ఇలా ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు వెళ్ళి చూడాల్సిన మనుషుల బాధ్యత మాది. కార్యకర్తలు వారానికోసారి వాళ్ళ ఇళ్ళకు నడిచివెళ్ళి, పుండు కడిగి, కట్టు కట్టి, చూసినదంతా నోటుబుక్కులో రాసుకొచ్చేవారు.

తొంభైల చివర్లో నేను విజయనగరం వైపు నుంచి వచ్చి ఉద్యోగంలో చేరేసరికే అక్కడొక పాత కార్యకర్త ఉండేవాడు. కొండ మనిషే, యాభై దాటినవాడు. నడకలో ఆయన్ని అందుకోవడం నా వల్ల అయ్యేది కాదు. పని వంక పెట్టడానికి లేదు గానీ ఆయన నోటుబుక్కు చూస్తే నాకు ఒళ్ళు మండేది. పేరు రాయాల్సిన చోట పేరు పక్కన ‘పనస’ అనో, ‘ఊట’ అనో, ‘రాతిగోడ’ అనో ఉండేది.

“ఇది పేషెంట్ల రిజిస్టరా, చెట్ల లెక్కా?” అని ఒకసారి అందరి ముందే అడిగేశాను.

“గురుతుకి రాసుకున్నానమ్మా. నేకపోతే ఏ మనిసి ఎవరో తెలదు,” అన్నాడు.

“పేరుంది కదా!”

ఆయన సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

పేర్ల సంగతి నాకు తెలియనిది కాదు. ఆ గూడేల్లో చాలామంది బిడ్డ ఏ వారం పుడితే ఆ వారం పేరే పెట్టుకుంటారు. మంగళవారం పుట్టిన ఆడపిల్లలందరిదీ ఇంచుమించు ఒకటే పేరు. వాళ్ళను చేసుకున్న మగవాళ్ళవీ వారాల పేర్లే. ఇంటిపేరు కూడా ఊళ్ళో సగం మందికి ఒకటే. ఇక వయసంటారా, తల నెరిసిన ప్రతివాళ్ళకూ అరవై అని రాసింది నేనే. ఇవన్నీ విడివిడిగా తెలుసు. కలిపి ఆలోచించలేదు.

రెండువేలు దాటిన నాలుగైదేళ్ళకు మా మూడు కేంద్రాలకూ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అంతకుముందు అరకు పేషెంటు పాడేరు సంతకు వెళ్ళి అక్కడ జబ్బుపడితే, మా కేంద్రంలో ఏం చేశామో అక్కడివాళ్ళకు తెలిసేది కాదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే. ఇప్పుడు ఒకచోట ఎక్కించింది మూడుచోట్లా కనిపిస్తుంది. ఫోను లైను బాగున్న రోజున సమాచారం అటూ ఇటూ వెళ్ళేది. విశాఖలో మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. అందరికంటే ముందు నేర్చుకున్నది నేనే. ఆ సాఫ్ట్‌వేర్ మంచిదనే అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

పాత నోటుబుక్కులన్నీ ముందేసుకుని, కరెంటు ఉన్నంతసేపూ నేనే కూర్చుని ఎక్కించాను. పనసలూ ఊటలూ తీసిపారేశాను. వాటికి ఫారంలో గడి కూడా లేదు. రెండు వారాలయ్యాక ఒక గూడెం పేర్ల దగ్గర తెర మీద ఎర్ర గీత వచ్చింది. ఒకే మనిషి రెండుసార్లు నమోదైనట్టుంది, కలపమంటావా అని దాని భావం. చూశాను. అదే పేరు, అదే ఇంటిపేరు, మొగుడిదీ అదే పేరు, అదే ఊరు, అరవై ఏళ్ళు, అదే జబ్బు. ఒకచోట కుడికాలి పుండు అని ఉంది, ఇంకోచోట ఎడమకాలి పుండు అని ఉంది. ఆవిడకు రెండు కాళ్ళకూ పుండ్లున్నాయి కాబోలు, పెద్దాయన రెండు పేజీల్లో రాసి పడేశాడు అనుకున్నాను. కలపమని నొక్కాను. ఆయన్ని పిలిచి ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు.

సాఫ్ట్‌వేర్ వచ్చాక నడిచే దారులు కూడా మళ్ళీ పంచారు. ఎవరి రికార్డైనా ఎవరైనా చూడొచ్చు కాబట్టి పాత కార్యకర్తే వెళ్ళాలని లేదు. పెద్దాయన్ని అనంతగిరి వైపు వేశాం. ఈ గూడేనికి పాడేరు కేంద్రం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక నర్సు వెళ్ళడం మొదలుపెట్టింది. జాగ్రత్త గల మనిషి. నేనిచ్చిన జాబితా పట్టుకుని ఊళ్ళో పేరు చెబితే, పనసచెట్టు కింద ఇంటికి తీసుకెళ్ళారు. ఆవిడకు కుడికాలి పుండు ఉంది, కట్టు కట్టింది. ఎడమకాలు తిప్పి చూసింది. పుండు లేదు. ‘ఎడమ పాదం: మానింది’ అని నమోదు చేసింది. ఆమె తప్పేమీ లేదు.

ఆ నెల సమావేశంలో మానిన పుండ్ల పట్టిక చదివింది నేను. అందులో ఈ ఎడమ పాదం ఉంది. బాగా పనిచేస్తున్నారని సంస్థ పెద్దలు మెచ్చుకున్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

వానలు మొదలయ్యాక ఆ గూడెం వాళ్ళెవరో సంతకు వస్తూ కేంద్రంలో తొంగిచూసి, ఫలానా ముసలావిడ కాలు బాగోలేదు, ఎవరినైనా పంపమంది అని చెప్పారు. నేను కంప్యూటర్లో ఆ పేరు కొట్టాను. రెండు రోజుల కిందటే చూసినట్టు ఉంది. “చూశాం, బాగానే ఉంది, కంగారు పడొద్దని చెప్పండి,” అని పంపించేశాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో నా గొంతుతోనే వినిపిస్తుంది.

వానలు తగ్గుముఖం పట్టాక పెద్దాయన ఏదో పని మీద అరకు వచ్చి, టీ తాగుతూ అడిగాడు.

“అమ్మా, ఊట కాడి ముసిల్ది ఎలాగుంది?”

నేను కాస్త గర్వంగానే పేరు చెప్పి, “ఎడమకాలు పూర్తిగా మానింది. కుడికాలే మిగిలింది,” అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “మానడవేటమ్మా? కుడికాలు పనసచెట్టు కాడి మనిసిది. ఎడమకాలు ఊట కాడి మనిసిది. ఇద్దరు మనుసులు గదా!”

వెంటనే జీపు తీయించి వెళ్ళగలిగినంత దూరం వెళ్ళాం. అక్కడి నుంచి నడక. పనసచెట్టు ఇల్లు దాటి, గెడ్డ నీళ్ళు దాటి, పైకి గంటసేపు ఎక్కితే ఊట. దాని పక్కనే ఒక ఇల్లు. జాబితాల్లో అదీ ఆ ఊరి కిందే ఉంది.

ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. మేము చివరిసారి ఇచ్చిన కట్టుగుడ్డనే ఉతికి, ఆరేసి, మళ్ళీ కట్టుకుంటోంది. దాన్ని విప్పాక ఆ వాసనకు నేను మొహం తిప్పుకోబోయి ఆగాను. పాదం నల్లబడింది. ఆవిడకు నొప్పి లేదు, స్పర్శ ఉంటే కదా. పెద్దాయన్ని చూసి వాళ్ళ భాషలో నవ్వుతూ ఏదో అంది. ఏమందని అడిగాను. “దారి మర్సిపోనావా అంటంది,” అన్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

డోలీ కట్టి కిందకు దించి, జీపులో విశాఖ తీసుకెళ్ళాం. ఆసుపత్రిలో డాక్టర్లు చేయగలిగింది చేశారు. మోకాలి కింద వరకూ తీసేయక తప్పలేదు.

నేను ఆవిడ మంచం పక్కన కూర్చుని జరిగింది దాచకుండా చెప్పాను. మీ ఇద్దరి పేరూ ఒకటే కావడంతో మిషన్లో మీ ఇద్దరినీ ఒక మనిషిని చేసింది నేనే అన్నాను. పెద్దాయన మాట మాటకూ ఆగి ఆవిడకు చెప్పాడు. ఆవిడ తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చివరికి నెమ్మదిగా రెండు ముక్కలు చెప్పింది. పెద్దాయన నా వైపు చూడకుండా తెలుగులో చెప్పాడు.

“ఇద్దరం ఒక్క వారవే పుట్టేం గానీ, ఒకరి కాళ్ళతో ఒకరం నడవలేదు గదా అంటంది.”

నాకు ఏడుపు ఆగలేదు. వార్డులో అందరూ చూస్తున్నా ఆగలేదు.

తర్వాత పెద్దాయన్ని కుర్చీ వేసి నా పక్కన కూర్చోబెట్టుకుని, మా కేంద్రం కింద ఉన్న మూడు మండలాల పేషెంట్లనూ మళ్ళీ సరిచూశాను. ఆయన చెప్పడం, నేను కొట్టడం. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళతో పోట్లాడి పేరు పక్కన ‘గుర్తు’ అని కొత్త గడి పెట్టించాను. అందులో మొదట ఎక్కించిన మాట ‘ఊట’.

ఒక్కటి మాత్రం సరిచేయలేకపోయాను. నివేదిక పైకి వెళ్ళిపోయిన నెల లెక్కల్లో మార్పులు కుదరవన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఊట దగ్గర ఆవిడ కర్రకాలుతో మరో ఆరేళ్ళు బతికింది. ప్రతి వారం పెద్దాయనే వెళ్ళేవాడు, వీలైనప్పుడు నేనూ వెళ్ళేదాన్ని. ఆ నెల పట్టిక తెరిస్తే మాత్రం ఆవిడ ఎడమ పాదం ఇంకా ‘మానింది’ అనే ఉంటుంది.