మా ఆయన అడ్డకర్ర

మా ఆయనకి ఉన్నది ఒకటే పిచ్చి: తను రాసింది ఎవరికైనా పనికొచ్చిందా అని కొలవడం.

పొద్దున్నే మెట్ల మీద టక్‌టక్‌మని కర్ర చప్పుడు వినపడగానే, గుమ్మం బయటున్న తుడుపు బకెట్టుని గబుక్కున లోపలికి లాక్కునేదాన్ని. ఇప్పుడా చప్పుడు లేదు. అయినా చెయ్యి ఊరుకోదు, ఆ వేళకి బకెట్టు లోపలికొచ్చేస్తుంది.

ఆయన అంబులెన్సులో పనిచేసేవారు. పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్క వ్యాసం రాశారు, డాక్టర్లు చదివే పత్రికలో. బండి ఎంత తొందరగా వచ్చినా మెట్ల మీద సామాన్లుంటే స్ట్రెచర్ ఇరుక్కుంటుందని దాని సారాంశం. ఒక ఇంట్లో మలుపు దగ్గర సైకిలు అడ్డొచ్చి ఆలస్యమైందని ఉదాహరణ కూడా ఇచ్చారు. పత్రిక నడిపే డాక్టరుగారు ఫోన్ చేసి, "మీ వ్యాసం గురించి చాలామంది తమ వ్యాసాల్లో రాశారండీ. మంచి ప్రభావం" అన్నారు.

"రాస్తే రాశారు. ఎవరైనా చెప్పుల స్టాండు జరిపారా?" అన్నారీయన.

అది తనే తేల్చుకుందామని స్ట్రెచర్ వెడల్పుకి సరిపడా కర్ర కోయించారు. ఎక్కడికెళ్ళినా దాన్ని అడ్డంగా పట్టుకుని, గోడకి తగిలిస్తూనే మెట్లెక్కడం. మా తమ్ముడి గృహప్రవేశానికీ అలాగే వచ్చారు.

"బావా, ముందు లోపలికొచ్చి కూర్చో."

"కూర్చుంటాలే. నువ్వు పడితే నిన్నెలా దింపాలో చూసుకోనీ."

మా తమ్ముడు ఇప్పటికీ ఆ మెట్లు గోడ పట్టుకునే దిగుతాడు.

మా వాటాల వాళ్ళంతా కర్ర చప్పుడు వింటే చాలు, పూలకుండీలూ సైకిళ్ళూ లోపల దాచేసేవారు. ఒక్క మా కింది అంతస్తు మామ్మగారు తప్ప. ఆవిడ బీరువా సరిగ్గా ఆవిడ గుమ్మం పక్కన మెట్ల మలుపులోనే ఉండేది. అక్కడికి రాగానే ఈయన కర్ర నిలువుగా ఎత్తేసి, జెండా పట్టుకున్నవాడిలా దాటిపోయేవారు.

"మామ్మగారంటే భయమేం?" అని అందరూ వేళాకోళం చేసేవారు.

"భయమే" అనేవారు. పైగా చెదలు పడతాయని చెప్పి, వడ్రంగిని పిలిపించి ఆ బీరువాకి చక్రాలు పెట్టించారు. చక్రాలుంటే చెదలెక్కవా అని నేనడిగితే వడ్రంగికి మేకులందించడంలో పడ్డారు.

ఊళ్ళోవాళ్ళ మెట్లన్నీ ఖాళీ చేయించి, తను మాత్రం స్ట్రెచర్ అడక్కుండా నిద్రలోనే వెళ్ళిపోయారు.

మొన్న పత్రిక డాక్టరుగారు పలకరించడానికొచ్చారు. వ్యాసం ప్రభావం కళ్ళారా చూస్తానంటే కిందికి తీసుకెళ్ళాను. ఖాళీ మెట్లు చూసి మురిసిపోతూ వచ్చి బీరువా ముందు ఆగారు.

"ఇదేమిటి? ఇంతకీ ఆ సైకిలు ఏ ఇంట్లోదమ్మా?"

నేను మాట మార్చేలోగా మామ్మగారు తలుపు తీసుకుని నిలబడ్డారు. వాళ్ళాయన్ని ఈయన దింపినరోజు స్ట్రెచర్ ఇరుక్కున్నది ఈ బీరువా దగ్గరే. ఆ పెద్దాయన దక్కలేదు. సంగతి ఆవిడకి తెలియకూడదని ఈయన నా చేత ఒట్టు వేయించుకున్నారు.

"సైకిలేమిటి నాయనా, నా బీరువానే" అన్నారు మామ్మగారు. "ఆసుపత్రిలో పెద్ద డాక్టర్నే అడిగాను. ఇంట్లోనే ప్రాణం పోయిందమ్మా, బీరువా ఏం చేస్తుంది అన్నాడు. ఈ పిల్ల మొగుడు నన్నెక్కడ చెప్పనిచ్చాడు? సైకిలని రాసి, కర్రెత్తుకుని పారిపోయేవాడు. బీరువా జరిపితే నాకు తెలిసిపోయిందని బాధపడతాడని నేనూ జరపలేదు."

"మరి అందరికీ ఇరుకు కదా మామ్మగారూ?" అన్నాను.

"వాడి మనసుకన్నా ఎక్కువేమిటే" అని బీరువాని వేలితో నెట్టారు. బొమ్మబండిలా గదిలోకి దొర్లిపోయింది.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ ప్రభావాన్ని ఎలా రాయను?"

"బీరువా కదిలిందని రాయి" అని ఆవిడ నా వైపు తిరిగారు. "ఆ కర్ర ఇటు పట్రా."

ఇవాళ పొద్దున్నే కింది నుంచి టక్‌టక్‌మని చప్పుడు. మధ్యమధ్య ఆయాసం, ఎవరినో తిట్టడం. చెయ్యి అలవాటుగా బకెట్టు మీదికి పోయింది.

తీయలేదు. గుమ్మం బయటే వదిలేసి, లోపల కూర్చున్నాను, తిట్టించుకోవడానికి.