మేలుకున్న మొగుడు

ఆ హోటల్లో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. వంటవాళ్ళకూ వదినే, లిఫ్టు బాగుచేసే ముసలాయనకూ వదినే. దుప్పట్లు, తువ్వాళ్ళు, అతిథుల చొక్కాలు ఉతికించి, ఇస్త్రీ చేయించి పైకి పంపే లాండ్రీకి ఆమె పెద్ద దిక్కు. పెద్ద దిక్కంటే జీతం పెద్దదని కాదు, ఏం జరిగినా తిట్లు ముందు ఆమెకే పడతాయని.

ఆమె మొగుడు ఒక గోదాముకు రాత్రి కాపలాదారు. ఈమె పొద్దున బయలుదేరే వేళకు అతను వస్తాడు, ఈమె సాయంత్రం వచ్చే వేళకు అతను బయలుదేరతాడు. కాపురమంతా గుమ్మం దగ్గరే. తాళంచెవి చేతులు మారేటప్పుడు "కూర గిన్నెలో ఉంది", "గ్యాసు అయిపోయింది" లాంటి ముక్తసరి మాటలే. ఈమెకు సెలవు దొరికిన పగలు అతను గురకపెట్టి నిద్రపోతాడు. అతనికి సెలవు దొరికిన రాత్రి ఈమె ఒళ్ళు తెలీకుండా పడుకుంటుంది, అతను అలవాటు చొప్పున కిటికీ దగ్గర కూర్చుని వీధికి కాపలా కాస్తాడు. ఒకరి నిద్ర మొహం మరొకరికి కంఠతా వచ్చు, మేలుకున్న మొహమే సరిగ్గా తెలీదు. మరి కూతురెలా పుట్టిందని అడగని వాళ్ళు లాండ్రీలో లేరు.

"ఆ యేడు వరదొచ్చి హోటలూ గోదామూ వారం పాటు మూసేశారు. అంతకన్నా వివరాలు నన్నడక్కండి" అంటుంది వదిన. ఆ వరద బిడ్డ ఇప్పుడు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది.

ఇన్నేళ్ళకు మళ్ళీ వాళ్ళ అదృష్టం పండింది. గోదాము పైకప్పు రేకులు మార్చాలని సరుకంతా వేరే చోటికి తరలించారు. కాపలా కాయడానికి ఏమీ మిగలక, నాలుగు రోజులు రావద్దని అతనికి చెప్పేశారు. సంగతి ముందే తెలిసింది కాబట్టి వదిన సరిగ్గా ఆ నాలుగు రోజులకే సెలవు అడిగింది. మేనేజరు సరేనన్నాడు. "హాయిగా వెళ్ళి సముద్రం చూసి రామ్మా" అని కూడా అన్నాడు. ఆమె బస్సులో పక్కపక్క సీట్లు తీసుకుంది. అతను చిలకల బొమ్మలున్న చొక్కా ఒకటి కొన్నాడు. దాన్ని చూసి లాండ్రీ అంతా రెండు రోజులు నవ్వింది.

ప్రయాణానికి ముందు రోజు మేనేజరు ఆమెను పిలిపించి చిరునవ్వు నవ్వాడు. ఆయన నవ్వితే కిందివాళ్ళకు గుండెల్లో రాయి పడుతుంది, ఎందుకంటే మంచి కబురెప్పుడూ ఆయన ముటముటలాడుతూనే చెబుతాడు.

"చూడమ్మా, రేపు ఓనరుగారి వియ్యాలవారు దిగుతున్నారు. నాలుగు రోజులుంటారు. నీ సెలవు కాస్త పక్కన పెడదాం."

"పక్కనంటే ఎక్కడ సార్?"

"తరవాతెప్పుడైనా చూద్దాంలే."

"తరవాత మా ఆయనకు కుదరదు సార్. రోజూ పైకప్పు మార్చరు కదా! అయినా మీరే కదా సార్ సరేనన్నారు?"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. నువ్వు లేకపోతే ఇక్కడ పని నడుస్తుందా చెప్పు? మనమంతా ఒక కుటుంబం."

"అందుకే సార్, కుటుంబంతో నాలుగు రోజులు గడుపుదామని."

ఆయన దాన్ని జోకు కింద జమకట్టి, ఇంకాస్త నవ్వి, ఫోను ఎత్తుకున్నాడు. వదిన కిందికొచ్చి ఇస్త్రీపెట్టె అందుకుంది. అందరి ముందూ ఏడవడం ఇష్టం లేక దుప్పట్ల మీద విరుచుకుపడింది. ఆ రోజు మడతలు కత్తి అంచుల్లా వచ్చాయి.

సాయంత్రం గుమ్మం దగ్గర మొగుడికి చెప్పింది. రేకులు విప్పేముందు ఆఖరి రాత్రి కాపలాకు వెళ్తున్నాడతను. ఆమె మొహం వంక చూశాడు.

"పొద్దున నేనొచ్చి ఆయనతో మాట్లాడతా."

"నువ్వా బావా? దొంగ కనబడినా 'ఏమండీ' అంటావు నువ్వు."

"మాట్లాడతానన్నానుగా" అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, సర్దిపెట్టిన బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అతని కాపలాలో ఒక కిటుకుంది. తెల్లవారుజామున కళ్ళు మూతలు పడే వేళ ఈల పెదవుల మధ్య ఇరికించుకుని కుర్చీలో కునుకు తీస్తాడు. గురక వదిలినప్పుడల్లా ఈల మోగుతుంది. వీధి చివర ఇంట్లో గోదాము యజమాని పక్క మీద దొర్లుతూ అది విని, వీడు కంటి మీద రెప్ప వేయడని మురిసిపోతాడు.

పొద్దున అతను కాపలా దిగి, బ్యాగులోంచి చిలకల చొక్కా తీసి వేసుకుని, సరాసరి హోటలుకొచ్చాడు. చెప్పాల్సిన మాటలు రాత్రంతా వల్లె వేశాడు. మేనేజరు వియ్యాలవారికి గదులు చూపించే హడావుడిలో ఉన్నాడు కాబట్టి ఆయన గది బయట సోఫాలో కూర్చోమన్నారు. జన్మలో అంత మెత్తని చోట కూర్చోలేదేమో, వల్లె వేస్తున్న మాటలు సగంలో ఉండగానే మాగన్ను పట్టింది. చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్ళి ఈల తీసి పెదవుల మధ్య పెట్టింది.

ఇక్కడో చిక్కుంది. ఈల వినబడితే నిప్పంటుకున్నట్టు, అతిథులను మెట్ల మీదుగా బయటికి తరమాలని నెల కిందటే సిబ్బందికి మేనేజరు స్వయంగా పాఠం చెప్పాడు. గురక గాఢమైంది. ఈల హోటలంతా మారుమోగింది. పని నేర్చిన సిబ్బంది తలుపులు దబదబా బాది అందరినీ కిందికి లాక్కొచ్చారు. ఓనరుగారి వియ్యంకుడు తల నిండా సబ్బు నురుగుతో, నడుముకు తువ్వాలు చుట్టుకుని వీధిలో నిలబడ్డాడు. లాండ్రీలోంచి పరుగెత్తుకొచ్చిన వదినకు ముందు తువ్వాలే కనబడింది. మడత చెక్కుచెదరలేదు.

ఈల మాత్రం ఆగలేదు. అది ఎవరి గురకో ఆమె ఇట్టే గుర్తుపట్టి లోపలికి పరుగెత్తింది. అప్పటికే మేనేజరు అతని నోట్లోంచి ఈల పీకేశాడు.

"ఎవడు వీడు?"

"మా ఆయన సార్."

అతను ఉలిక్కిపడి లేచి, "ఎవరక్కడ!" అని అరిచి, ఎదురుగా కోటు కనబడేసరికి వల్లె వేసినదంతా గడగడా అప్పజెప్పాడు. "సార్, మా ఆవిడ నాకు నిద్రలోనే తెలుసు సార్. మేలుకుని ఉండగా ఒక్కసారి చూసుకోనివ్వండి సార్."

మేనేజరు మొహంలో నవ్వు మచ్చుకైనా మిగల్లేదు. "వియ్యంకుడుగారు మండిపడుతున్నారు! ఆయనున్న నాలుగు రోజులూ మీ మొహాలు ఇక్కడ కనబడకూడదు! జీతం కూడా ఉండదు!"

"ఇవాళ్టితో కలిపా సార్, రేపటి నుంచా?" వదిన వినయంగా అడిగింది.

"ఇప్పట్నుంచే! బయటికి నడవండి!"

నడవడమేమిటి, పరుగెత్తారు. బస్సు కదులుతుండగా అందుకున్నారు.

పక్కపక్కనే కూర్చున్నాక ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. గుమ్మం లేదు, చేతులు మారడానికి తాళంచెవి లేదు. అతని తల మెల్లగా వాలింది, అది అతను రోజూ పడుకునే వేళ. వదిన అతని చెయ్యి గట్టిగా గిల్లింది.

"బావా, నిద్రపోయావంటే ఊరుకోను. నిద్రపోయే మొగుడు నాకు ఇంట్లో ఉన్నాడు."

అతను కళ్ళు నులుముకుని నిటారుగా కూర్చున్నాడు. "మరేం చెప్పమంటావే?"

"ఏదో ఒకటి. నాకు తెలీనిది చెప్పు."

అతను ఆమె వైపు తిరిగాడు. "నువ్వు నిద్రలో మీ మేనేజర్ని తిడతావు, తెలుసా?"

"అవునా? ఏమని?"

అతను చుట్టూ చూసి, ముందు సీటు ముసలావిడకు వినబడకుండా ఆమె చెవి దగ్గరికి వంగి ఒక్కొక్కటే చెప్పసాగాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అన్నేళ్ళ తిట్లు గుర్తుపెట్టుకున్నాడు, ఒక్కటీ వదల్లేదు. సముద్రం వచ్చినా ఇంకా చెబుతూనే ఉన్నాడు.