ఒక్క నిమిషం హాల్టు

మార్చిలో ఒక సోమవారం, ఉదయం ఆరున్నరకి పోస్టింగులో దిగాను. వినుకొండకూ నరసరావుపేటకూ మధ్య చిన్న హాల్టు. ఊరి పేరు రాయను. రాస్తే తూర్పు బజారు, పడమటి బజారు రెండూ ఫోన్ చేసి, మా బజారు పేరు ముందెందుకు రాయలేదని నిలదీస్తాయి.

ఫౌజులో హవల్దారుగా చేసి బయటికొచ్చినవాణ్ణి. ఇక్కడ కమీషన్ మీద టికెట్లమ్మే పని. నేల నల్లరేగడి. గాలినిండా మిరపఘాటు, మొదటి వారమంతా టికెట్టుకో తుమ్ము. సరంజామా: టికెట్ల పెట్టె, తేదీ ముద్ర, చెక్క స్టూలు, మంచినీళ్ళ కుండ. ఆర్డర్లు: బండికి అరగంట ముందు కిటికీ తెరవాలి, వెళ్ళాక మూయాలి. మీటరు గేజి రోజుల్లో ఇక్కడ స్టేషన్ మాస్టరు, సిగ్నలు, ఇద్దరు పోర్టర్లు ఉండేవారట. పట్టాలు వెడల్పయ్యాయి, స్టేషన్ చిక్కిపోయింది. మిగిలింది ఒక రేకుల షెడ్డు, పట్టాలతో సమానంగా ఉన్న ప్లాట్‌ఫాం. బండి మొదటి మెట్టు ఎక్కాలంటే ముసలివాళ్ళకి కొండెక్కినంత పని.

ఉదయం పాసింజరు ఆగేది ఒక్క నిమిషం. ఊరు ఎక్కడానికి పట్టేది నాలుగు నిమిషాలు. సర్పంచి ఎన్నికలో గొడవపడ్డాక ఒక బజారువాళ్ళు ఎక్కిన తలుపు రెండో బజారువాళ్ళు ముట్టుకోరు. అందరికీ కావలసింది మాత్రం షెడ్డు ఎదుట ఆగే తలుపే. ఎవరు ముందు ఎక్కితే వాళ్ళది. మిగతావాళ్ళు మూటలు, పిల్లలతో పక్క డబ్బాకి పరుగు. ఒక కాలు మెట్టుమీద, ఒక కాలు నేలమీద పెట్టి బండినాపే వీరులు రెండు బజార్లలోనూ ఉన్నారు.

ఒకరోజు గార్డు నన్ను పక్కకి పిలిచాడు. "హవల్దారు గారూ, ఈ స్టాపు ట్రయల్ మీదే ఉంది. సోమవారం పెద్దాఫీసు నుంచి మనిషొస్తాడు. ఇట్టాగే లేటైతే తీసేస్తారు."

స్టాపు పోతే అందరికీ ఇబ్బందే. పడమటి బజారు ఆదెమ్మవ్వకి మాత్రం ప్రాణం మీదికే. వారానికి రెండుసార్లు నరసరావుపేట వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఆటో కుదుపులు ఆమె ఒళ్ళు తట్టుకోదు. సంగతి చెబితే నవ్వింది.

"స్టాపు పోతే నేనూ పోతా అబ్బయ్యా. ఇద్దరికీ ఒకేరోజు దినం పెట్టు, భోజనాలు కలిసొస్తాయి."

నాకు నవ్వు రాలేదు.

మంచుకొండల్లో మా పోస్టుకి హెలికాప్టర్ వచ్చేది. మూటలు దించి మనుషుల్ని ఎక్కించేదాకా రెక్కలు ఆగేవి కావు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందో, ఏ మూట ఎవరి చేతికో అన్నీ ముందే ఖాయం. ఆ డ్రిల్లే ఇక్కడ మొదలుపెట్టాను. తలుపులు ఆగేచోట సున్నంతో గీతలు గీశాను. కుర్రాళ్ళు మొదటి గీత. మూటలవాళ్ళు రెండు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మూడు. బజార్ల ప్రసక్తి లేదు.

తూర్పు బజారు పెద రామయ్య గారికి ఒళ్ళు మండింది. "వాళ్ళతో కలిసి ఒకే తలుపా? మా మీసం ఏంగావాల?"

"మీసం ఏ తలుపైనా ఎక్కుద్ది పెదనాన్నా. ఎక్కంది మీ మోకాళ్ళే."

మూడు రోజులు ఆయన గీతలకి దూరంగానే నిలబడ్డాడు. నాలుగో రోజు వచ్చి మూడో గీతమీద నిలబడ్డాడు, ఆదెమ్మవ్వకి వీపు తిప్పి.

సోమవారం. ఏడూ నలభైకి రైల్వే గేటు కాసే మస్తాన్ ఫోన్. "బాబాయ్, బండి గేటు దాటింది. గార్డు డబ్బాలో తెల్లచొక్కా ఆయనున్నాడు."

"అందరూ గీతలమీదికి" అన్నాను. గొంతు ఫౌజులోలాగే లేచింది.

బండి ఆగింది. కుర్రాళ్ళు ఎక్కేశారు. మూటలు చేతులు మారి లోపలికెళ్ళాయి. పెద రామయ్య మూలుగుతూ ఎక్కి తలుపులో నిలబడ్డాడు. తర్వాత ఆదెమ్మవ్వ. స్టూలు వేశాను, కింద నుంచి పట్టాను. ఆమె చెయ్యి పైకి చాచింది. ఆ తలుపులో పైన ఉన్నది ఆయనొక్కడే. ఆయన చేతులు కడ్డీలమీదే ఉన్నాయి.

గార్డు ఈల నోట్లో పెట్టుకున్నాడు. పక్కన తెల్లచొక్కా వాచీ చూస్తున్నాడు. పెద రామయ్య ఊరికేసి చూశాడు, ఆదెమ్మవ్వకేసి చూశాడు. కడ్డీ వదిలి వంగాడు.

"పట్టుకోవే ఆదెమ్మా."

"నీ చెయ్యి నాకెందుకంట" అంటూనే గట్టిగా పట్టుకుంది.

"నీకోసం గాదులే, బండికోసం."

పైకి లాగాడు. స్టూలు వెనక్కి తీశాను. ఈల మోగింది. నిమిషం నిండడానికి ఇంకా నాలుగు సెకన్లున్నాయి.

ఆ నెలాఖరుకి స్టాపు ఖాయమైంది. తలుపు గొడవ మళ్ళీ రాలేదు. సర్పంచి గొడవ అలాగే ఉంది. దానికి నా దగ్గర డ్రిల్లు లేదు. కాంట్రాక్టు పూర్తయ్యాక ముప్పాళ్ళ పక్కన మా ఊరికి తిరిగొచ్చాను. ఫౌజు కబుర్లు చెప్పమని ఎవరైనా అడిగితే మంచుకొండల గురించి చెబుతాను. కళ్ళు మూసుకుంటే కనబడేది మాత్రం ఆ సోమవారం బండే. అది కదిలి, వేగం అందుకుని, మలుపు తిరుగుతోంది. తలుపులో ఇద్దరూ నిలబడే ఉన్నారు, చెరో దిక్కుకి చూస్తూ. ఆయన ఇంకా ఆమె చెయ్యి వదల్లేదు.