లక్ష్మమ్మ గారింటి ఫోన్ లైను

2001లో మాదాపూర్‌లో ఒక ఇంటర్నెట్ కంపెనీ హెల్ప్‌లైన్‌లో పని చేసేదాన్ని. అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మా ఆఫీసు వెనక ఇంకా బండరాళ్లే. గుంటూరు నుంచి వచ్చి మియాపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే బస్సు పట్టుకుని వెళ్లి, సాయంత్రం దాకా చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చోవడమే ఉద్యోగం. ఇప్పటికీ హెల్ప్‌లైన్‌లోనే ఉన్నాను. భవనాలు మారాయి, అంతే.

ఆ రోజుల్లో ఇంట్లో ఇంటర్నెట్ అంటే డయల్-అప్. కంప్యూటర్ పక్కన మోడెమ్ అనే చిన్న పెట్టె, దానికి ఇంటి టెలిఫోన్ తీగ. ఆ పెట్టె మా నంబరుకు ఫోన్ చేసి, కాసేపు కీచుమని అరిచి లైను కలుపుకునేది. వాడుకున్న గంటలకు మాకు కట్టే డబ్బు వేరు, ఫోన్ కాల్‌కు పడే ఛార్జీ వేరు. లైను కలిసి వెంటనే తెగిపోయినా ఒక కాల్ కింద లెక్క పడేది. ఆ సంగతి చాలామందికి బిల్లు వచ్చాకే తెలిసేది.

ఒక వానాకాలం సాయంత్రం లక్ష్మమ్మ అనే పెద్దావిడ ఫోన్ చేసింది.

"నెట్ వస్తలేదు బిడ్డా. మా కోడలు పరేషాన్ అయితుంది."

"ఒకసారి మీ కోడలికి ఫోన్ ఇవ్వండమ్మా."

"దానికి ఇనపడదు, మాట రాదు. పుట్టుకతోనే."

"సరేనండి, స్క్రీన్ మీద ఏం రాసుందో మీరు చదివి చెప్పండి."

"నాకు అక్షరం రాదు."

ఒక్కో కాల్ ఇన్ని నిమిషాల్లో ముగించాలని మాకు లెక్క ఉండేది. మోడెమ్ ఆపి మళ్లీ పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆవిడ మళ్లీ మళ్లీ చేసింది. ఎవరు ఎత్తినా మొదటి ప్రశ్న స్క్రీన్ మీద ఏముందనే.

తర్వాత ఆవిడ కొడుకు రమేష్ ఫోన్ చేశాడు. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని అతనిది. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా వినిపించింది.

"మేడం, ఈసారి ఫోన్ బిల్లు ఇంటి కిరాయి దాటింది. మా ఇంట్ల ఫోన్ల మాట్లాడెటోళ్లే లేరు. మీ కనెక్షన్ బంద్ చేయండి. ఫోన్ గూడ వాపస్ ఇచ్చేస్త."

రద్దు కోసం వివరాలు నమోదు చేసుకున్నాను. మర్నాడే మళ్లీ లక్ష్మమ్మ గారు.

"బంద్ చేయకు బిడ్డా. మా సుజాత చెవిటోళ్ల బడిల చదివింది. దాని దోస్తులంత తలా ఒక ఊర్ల ఉన్నరు. గా కంప్యూటర్ల టైపు చేసుకుంట ముచ్చట పెడతరు. పెండ్లయి మూడేండ్లాయె. మేము సైగ చేస్తం, అది తలూపుతది, గంతే. గా డబ్బా ముందు కూసుంటెనే నవ్వుతది. నవ్వితె దానికి సప్పుడొస్తది. గా సప్పుడు నేను గప్పుడే ఇన్న."

అప్పటికి నా గొంతు అరిగిపోయి ఉంది. కంపెనీ రాసిచ్చిన స్క్రిప్టు ప్రకారం మళ్లీ స్క్రీన్ గురించే అడగాలి. అడగబుద్ధి కాలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అమ్మా, నా మాట మీకు సరిగ్గా వినిపిస్తోందా?" అన్నాను.

"ఇనిపిస్తుంది. గరగర అయితే ఉంటది. వానొస్తే జర ఎక్కువ."

"ఎప్పటి నుంచండి?"

"ఫోన్ పెట్టినప్పటి సంది. అందరి ఫోన్లు గిట్లనే ఉంటయనుకున్న."

మా హాల్లో అందరూ ఒకేసారి మాట్లాడే రొదలో ఆ గరగర మా ఎవరి చెవినా పడలేదు. లైనులో అంత చప్పుడుంటే మోడెమ్ కలిసినట్టే కలిసి తెగిపోతుంది.

కనెక్షన్ వివరాల్లో చూస్తే ఆవిడ ఇల్లు మా గదికి దగ్గరే, మియాపూర్ డిపో వెనక. ఆదివారం వెళ్లాను. ఫోన్ తీగను వంటింటి కిటికీలోంచి లోపలికి లాగి, అక్కడ చేత్తో మెలిపెట్టి అతికారు. వాన నీళ్లు సరిగ్గా ఆ అతుకు మీదే కారుతున్నాయి. చెవిటి మనిషికి గోల ఎందుకనుకున్నాడేమో, మోడెమ్ బిగించినతను దాని శబ్దం ఆపేశాడు. దానికి తోడు లైను తెగిన ప్రతిసారీ కంప్యూటర్ తనంతట తనే మళ్లీ ఫోన్ చేసుకునేలా రీడయల్ పెట్టి ఉంది. చప్పుడు చేయకుండా అది కాల్ మీద కాల్ చేస్తూనే ఉంది.

సుజాత, నేను స్క్రీన్ మీద టైపు చేసుకుంటూ మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయి మొదట అడిగింది ఒక్కటే. "బిల్లు నా వల్లనేనా?"

"కాదు. తీగ వల్ల."

ఆ మాట చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత వెళ్లి అత్తగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తెర చూపించింది. ఆవిడకు చదవడం రాదని తెలిసీ చూపించింది. నేను చదివి వినిపించాను.

వీధి చివర ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీగ మార్పించారు. నేను రీడయల్ తీసేసి, మోడెమ్‌కు శబ్దం పెట్టాను. కీచుమనే అరుపు ఎంతసేపుండాలో లక్ష్మమ్మ గారికి రెండు మూడుసార్లు వినిపించాను. అంతకంటే సాగితే ఆపెయ్యమని కోడలికి సైగ చేయాలి. ఆవిడ స్టూలు జరుపుకుని మోడెమ్ పక్కన కూర్చుంది. రమేష్ గుమ్మంలో నిలబడి, "వచ్చే బిల్లు చూసి చెప్త మేడం," అన్నాడు.

ఆ బిల్లు వచ్చాక అతనే ఫోన్ చేశాడు. "బంద్ చేయకండి. ఇద్దరు కలిసి నన్ను ఇంట్ల ఉండనిస్తలేరు. మా అమ్మ ఇప్పుడు సుజాత తాన సైగలు నేర్చుకుంటుంది. నాకర్థం కాని ముచ్చట్లు నడుస్తున్నయి." అప్పటిదాకా ఆపి ఉంచిన రద్దు దరఖాస్తు తీసేశాను. ఆ తర్వాత వాళ్లింటి నుంచి నాకు ఫోన్ రాలేదు. మా పనిలో కబురు లేదంటే అంతా బాగున్నట్టే అనుకోవాలి.

ఇప్పుడు పుప్పాలగూడ పక్కన ఒక టవర్‌లో కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇస్తున్నాను. ఫోన్ చేసినవాళ్లు ముందు యంత్రంతో మాట్లాడి, విసిగిపోయి మా దాకా వస్తారు. కొత్తవాళ్లకు ఈ కేసు చెబుతాను. అవతలి మనిషికి చేతకానిదాన్నే మళ్లీ మళ్లీ అడగకండి, ఆ మనిషికి ఏం తెలుసో అడగండి అంటాను. రాసుకుంటారు. తర్వాత సీట్లోకి వెళ్లి, టైమర్ వైపు చూస్తూ స్క్రిప్టే చదువుతారు. వాళ్లనేమీ అనలేను. అలిసిపోయి స్క్రిప్టు పక్కన పడేసిన రోజునే నాకూ "వినిపిస్తోందా" అన్న ఆ ప్రశ్న తట్టింది.