నలభై ఎనిమిది చదరపు మీటర్లు

1979 జూన్‌లో నేను విశాఖపట్నం జిల్లాలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్‌గా చేరాను. అంతకుముందు పశ్చిమ గోదావరిలో ఒక బాలికల హైస్కూల్లో లెక్కల టీచర్ని. మావారికి పోర్టులో ఉద్యోగం రావడంతో నేనూ ఇటు బదిలీ చేయించుకున్నాను. నా రేంజి, అంటే నా తనిఖీ కిందికి వచ్చే ప్రాంతం, పెందుర్తి నుంచి గాజువాక దాకా ఉండేది. బస్సు దొరికితే బస్సు, దొరక్కపోతే రిక్షా, అదీ లేని చోట కాలినడక. ఇన్‌స్పెక్టరమ్మ అంటే జీపులో దిగుతుందనుకునేవాళ్ళు నా గొడుగూ చెప్పుల బురదా చూసి కొంచెం నిరాశపడేవారు.

మా ప్రధానమైన పని వార్షిక తనిఖీ. ప్రతి ప్రాథమిక పాఠశాలనూ ఏడాదికోసారి పూర్తిగా చూడాలి. ఏ తేదీన ఏ బడికి వెళ్తామో ముందు నెలలోనే టూర్ ప్రోగ్రాం తయారుచేసి బళ్ళకి పంపాలి. వెళ్ళాక అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, టీచరు రాసుకున్న పాఠ్య పథకాలు చూడాలి. తర్వాత ఒక్కో తరగతినీ ప్రశ్నలడిగి, ఆ తరగతికి రావలసిన చదువు వచ్చిందో లేదో తేల్చాలి. చివరికి మూడు ప్రతుల్లో రిపోర్టు రాయాలి. ఒకటి బడికి, ఒకటి జిల్లా విద్యాశాఖాధికారికి, ఒకటి మన ఫైలుకి.

నాకంటే ముందున్నాయన పిల్లల చేత పద్యాలు చెప్పించుకుని, గంటలో రిపోర్టు ముగించి, సింహాచలం ప్రసాదం పొట్లంతో ఇంటికెళ్ళేవారని చెప్పుకునేవారు. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. పద్యం అప్పజెప్పినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదని నా గట్టి నమ్మకం. అందుకని పుస్తకంలో లేని ప్రశ్నలు ఐదు తయారుచేసుకున్నాను, తరగతికొకటి. ఒకటో తరగతి వాళ్ళ ముందు చింతపిక్కలు గుప్పెడు పోసి లెక్కపెట్టమనేదాన్ని. రెండో తరగతికి ఒత్తులు తెలిశాయో లేదో చూడడానికి ‘అమ్మమ్మ గుమ్మంలో గుమ్మడిపండ్లు’ అని పలక మీద రాయమనేదాన్ని. మూడో తరగతిలో మన జిల్లా గురించి పాఠాలుంటాయి కాబట్టి, మనకి సముద్రం ఏ దిక్కున ఉందని అడిగేదాన్ని. నాలుగుకి భిన్నాలు. అరలో సగం ఎంత? ఐదుకి వైశాల్యం. మీరు కూర్చున్న ఈ గది వైశాల్యం ఎంత? కావలిస్తే కొలుచుకోండి అని టేపు కూడా చేతికిచ్చేదాన్ని.

మొదటి ఏడాది పిల్లలు తెల్లమొహాలు వేశారు. రెండో ఏడాదికి ఎంత మార్పో చెప్పలేను. ఏ బడికి వెళ్ళినా మూడో తరగతి సముద్రం తూర్పునుందంటోంది. నాలుగో తరగతి అరలో సగం పావంటోంది. ఐదో తరగతి టేపు ముట్టుకోకుండా నలభై ఎనిమిది చదరపు మీటర్లంటోంది. ఆ జవాబూ సరైనదే. ఆ రోజుల్లో బళ్ళ గదులన్నీ సర్కారువారి ఒకే ప్లాను ప్రకారం కట్టేవారు. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. నేను తల ఊపి, రిపోర్టులో ‘స్థాయి మిక్కిలి సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టేదాన్ని. నెలవారీ సమీక్షలో జిల్లా అధికారి నా రేంజి సంగతి అందరి ముందూ మెచ్చుకున్నారు. నాకు గర్వం సహజంగానే ఎక్కువ. ఆ రోజు ఇంటికెళ్ళి ఆ సంగతి మావారికి రెండుసార్లు చెప్పాను.

ఆ రిపోర్టుల వల్ల ఇంకొకటి కూడా జరిగింది. 1981 జూన్‌లో ఉపాధ్యాయుల సర్దుబాటు వచ్చింది. అంటే చదువు బాగున్న చోటి నుంచి ఒక టీచర్ని తీసి, వెనకబడిన చోటికి పంపడం. ఎవరిని కదపాలో ఆఫీసులో కూర్చుని తేల్చేది మా రిపోర్టులు చూసే. ఉక్కు ఫ్యాక్టరీ కోసం పొలాలూ ఇళ్ళూ వదిలి వచ్చిన రైతు కుటుంబాలకు గాజువాక అవతల ఒక పునరావాస కాలనీ ఉంది. అక్కడి బడిలో ఇద్దరే టీచర్లు. ‘మిక్కిలి సంతృప్తికరం’ పుణ్యమా అని సన్యాసిరావు అనే కుర్ర మాస్టారిని అక్కణ్ణుంచి తీసేశారు. ఐదు తరగతులకీ అప్పలనర్సమ్మ టీచరు ఒక్కతే మిగిలింది. ఆ ఉత్తర్వు నకలు నా బల్ల మీదికీ వచ్చింది. చూసి, ఇనీషియల్ వేసి, ఫైల్లో పెట్టాను.

ఆగస్టులో ఆ బడి తనిఖీకి వెళ్ళాను. రెండ్రోజులుగా వాన. బడి గది స్లాబు పెచ్చులూడుతోందని పిల్లల్ని పంచాయతీ వారి రేకుల షెడ్డులోకి మార్చారు. ఐదు తరగతులూ ఐదు వరసలుగా కూర్చున్నాయి. ఒక వరస ఎక్కాలు, ఒక వరస గుణింతాలు, రేకుల మీద వాన చప్పుడు. మధ్యలో అప్పలనర్సమ్మ బెత్తం పట్టుకుని తిరుగుతోంది. అది కొట్టడానికి కాదు, ఏ వరస నోరు మూయాలో చూపించడానికి. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మాట మాత్రం గట్టిది.

బడి పిల్లలకి గోధుమనూక ఉప్మా వండే పైడమ్మ షెడ్డు మూల పొయ్యి దగ్గరుంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె కూతురు గౌరి ఐదో తరగతి.

“మా గౌరి బాగా సదువుతోందని మీరు రాసినారంట కదండి. వచ్చే ఏడు గాజువాక హైస్కూల్లో ఏత్తాం. ఆల్ల నాన్న వద్దన్నాడండి, ఇంటికాడుంటే బువ్వ వండుద్ది కదా అని. ఆరో క్లాసు తప్పకుండా పాసవుద్ది, ఇనస్పెట్రమ్మే రాసింది అన్నాను. అప్పుడు ఊరుకున్నాడు” అంది.

నేను సంతోషించి, అలాగే వేయండి అన్నాను.

తనిఖీ మొదలైంది. చింతపిక్కలు సరిగ్గా లెక్కపెట్టారు. గుమ్మడిపండ్లు ఒత్తులతో సహా రాశారు. సముద్రం తూర్పు, అరలో సగం పావు. ఐదో తరగతి వరస దగ్గరికి వచ్చి గౌరిని లేపి, ఈ గది వైశాల్యం ఎంతమ్మా అన్నాను.

“నలభై ఎనిమిది చదరపు మీటర్లండి” అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నేను అలవాటు కొద్దీ తల ఊపాను కూడా. ఊపుతూ గోడ వైపు చూశాను. నేను నిలబడ్డ చోటి నుంచి చెయ్యి చాపితే గోడ తగిలేలా ఉంది. అది మా సర్కారు ప్లాను గది కాదు, షెడ్డు. టేపు తీసి గౌరికిచ్చి కొలవమన్నాను. ఆ పిల్ల టేపు పట్టుకుని టీచరు వంక చూసింది, కొన ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు. నేనే కొలిపించాను. ఆరు మీటర్లు, నాలుగు మీటర్లు. మరి ఎంతైంది?

“నలభై ఎనిమిదండి” అంది మళ్ళీ, ఈసారి గొంతు తగ్గించి.

వెనక వరసలోంచి నాలుగో తరగతి పిల్ల ఒకతి, “అది ఈ గది కాదండి. మన బడి గదండి” అని అందించింది.

వెనక్కి వెళ్ళి నాలుగో తరగతిని పావులో సగం ఎంతని అడిగాను. వరసంతా ఏకకంఠంతో “పావండి” అంది. మూడో తరగతిని సింహాచలం కొండ మనకి ఏ దిక్కున ఉందని అడిగాను. షెడ్డు గుమ్మంలోంచి ఉత్తరాన ఎదురుగా కొండవరస కనిపిస్తూనే ఉంది. “తూర్పండి” అన్నారు.

పిల్లల్ని ఉప్మాకి పంపి, అప్పలనర్సమ్మని కూర్చోమన్నాను. నేనింకా ఏమీ అనకముందే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ సంచీలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. పైన ‘మేడం గారి ప్రశ్నలు, జవాబులు’ అని ఉంది. కార్బన్ కాపీ, ఎన్నో కాపీయో, అక్షరాలు అలికినట్టున్నాయి. నెలనెలా టీచర్లందరూ కలుసుకునే సమావేశంలో ఇది చేతులు మారుతుందట. నా రేంజిలో ఈ కాగితం లేని బడి లేదట. నా టూర్ ప్రోగ్రాం అందగానే వారం రోజులు ఇదే పాఠం.

నేను కోపంగా ఏదో అన్నాను. ఏమన్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆవిడ జవాబు గుర్తుంది. మొదట్లో ఆఫీసరుతో మాట్లాడే భాషలోనే మొదలుపెట్టి, రెండు మాటలకే ఇంటి భాషలోకి వచ్చేసింది.

“నన్నేం చెయ్యమంటారండి మేడం గారూ? మీరడిగినవి రాకపోతే బాగులేదని రాసీత్తారు, ఇంక్రిమెంటు ఆగిపోద్ది. వచ్చినాయనుకోండి, బాగుందని రాసీసి ఉన్న మాస్టర్ని పట్టుకుపోనారు. నానొక్కదాన్ని, ఐదు క్లాసులు. ఈ పిల్లలు పాత ఊరు ఖాళీ సేసినప్పుడు ఏడాదిపాటు బడి మొకమే సూడలేదు. వయసుని బట్టి నాలుగూ ఐదూ అని కూకోబెట్టినాం. రెండో క్లాసు లెక్కలు రావు. ఆ సంగతి మీరు ఎప్పుడైనా అడిగినారా? ఆ ఐదు ప్రశ్నలే అడిగినారు.”

ఆవిడ తప్పు లేదని అనను. పిల్లలకి రాని చదువు వచ్చినట్టు చూపించడం తప్పే, అది ఆవిడకీ తెలుసు. కానీ రెండేళ్ళపాటు వాపును చూసి బలుపనుకున్నది నేను. టూర్ ప్రోగ్రాం ముందే పంపి, ప్రతి బడిలోనూ అవే ప్రశ్నలు అదే వరసలో అడిగి, అవే జవాబులు వింటూ మురిసిపోయింది నేను. పద్యాలు చెప్పించుకున్నాయనని వెక్కిరించాను, నేను చెప్పించుకున్నవీ పద్యాలే.

పొయ్యి దగ్గర పైడమ్మ గౌరి ఆకులో ఉప్మా వేస్తూ నా వైపు చూసి నవ్వింది. ఆ పిల్లని నా మాట మీద ఆరో తరగతిలో వేయబోతున్నారు. అక్కడ లెక్కల మాస్టారు నా ఐదు ప్రశ్నలు అడగడు. ఒక్క పరీక్ష తప్పితే చాలు, వాళ్ళ నాన్న ఇంట్లో కూర్చోబెట్టేస్తాడు. ఇంకో ఎనిమిది నెలలుంది. ఆ ఎనిమిది నెలలూ ఐదో వరసకి ఒక టీచరు పూర్తిగా దొరికితేనే దారి.

మర్నాడు జిల్లా అధికారి దగ్గరికి వెళ్ళి, ఆ బడి గురించి నేను రాసిన రిపోర్టును రద్దు చేయమనీ, తీసేసిన టీచరు పోస్టును తిరిగి ఇవ్వమనీ కాగితం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. ఈ ఒక్క బడే ఇలాగా, మీ రేంజంతా ఇలాగేనా అని అడిగారు. అంతా ఇలాగే అయ్యుంటుందన్నాను. అయితే మీ రిపోర్టులన్నీ చించెయ్యమంటారా అన్నారు. మళ్ళీ చూసి మళ్ళీ రాస్తానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, ఇది కాగితం మీద పెట్టకుండా నోటితో చెప్పి ఉంటే నేను ఏదో ఒకటి సర్దేవాణ్ణి కదమ్మా అన్నారు. నోటిమాట మీద పోస్టు తిరిగి రాదు కదండీ అన్నాను. నిజానికి ఆయన మంచివారే. పోస్టు ఇచ్చారు, నాకు సంజాయిషీ మెమో కూడా ఇచ్చారు. దసరా సెలవులయ్యాక సన్యాసిరావు మాస్టారు కాలనీ బడికి తిరిగి వచ్చాడు. మెమో నా సర్వీసు రిజిస్టరులోకెక్కి, ప్రమోషను రెండేళ్ళు వెనక్కిపోయింది. మావారు దానికి నన్ను చాలాకాలం ఆటపట్టించారు.

తర్వాత ఆ బడిలో పద్ధతి మార్చాం. పొద్దున్న రెండు గంటలు పిల్లలు రిజిస్టరులో ఉన్న తరగతి ప్రకారం కాకుండా, వాళ్ళకి నిజంగా వచ్చిన చదువు ప్రకారం కూర్చునేవారు. ఐదో తరగతి గౌరి రెండో తరగతి లెక్కల వరసలో కూర్చుంది. నామోషీ అనుకున్న పిల్లలు లేకపోలేదు. అప్పలనర్సమ్మ ఆ వరసలకి అంకెలు తీసేసి పూల పేర్లు పెట్టింది. మధ్యాహ్నం ఎవరి తరగతి పాఠం వారిది. నేను మాత్రం ప్రోగ్రాంలో లేని రోజున, చేతిలో ఏ కాగితమూ లేకుండా వెళ్ళేదాన్ని. పిల్లలు అప్పుడు చదువుతున్న పాఠంలోంచే అడిగేదాన్ని.

డిసెంబరులో అలా వెళ్ళినప్పుడు గౌరిని ఒక భాగహారం చెయ్యమన్నాను. పలక మీద సగం దాకా చేసి ఆగిపోయింది. ఇంతవరకు వచ్చిందండి, ఇక్కణ్ణుంచి తెలీదండి అంది. పలక తీసుకుని చూశాను. చేసిన సగమూ తప్పు లేకుండా ఉంది. ఆ సాయంత్రం రిపోర్టులో ‘ఐదవ తరగతి విద్యార్థులకు భాగహారం సగం వచ్చును, సగం రాదు’ అని రాశాను. ఆఫీసులో గుమాస్తా ఇదేం భాష మేడం, సంతృప్తికరమో కాదో ఒక మాట వేయండి అన్నాడు. అలాగే ఉంచమన్నాను. గౌరి ఆరో తరగతిలో చేరేటప్పుడు ఆ కాగితం నకలు హైస్కూలు లెక్కల మాస్టారి చేతికిచ్చాను, పాఠం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అందులో ఉంది.

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో వందల రిపోర్టుల మీద సంతకం చేశాను. పిల్లలకి ఏం వచ్చో రాసినవే వాటిలో ఎక్కువ. తర్వాతి టీచరుకి పనికొచ్చినవి మాత్రం, ఏం రాదో రాసినవి.